చలికాలం, పాడిల్‌బోర్డు, నలుగురు స్నేహితులు: డెల్టాలో జట్టు ఎందుకు చెదురుతుంది?

గోదావరి డెల్టాలో పాడిల్‌బోర్డు ఎక్కాలంటే చలికాలాన్ని మించిన కాలం లేదు. జూలై నుంచి సెప్టెంబరు దాకా ఎర్రనీళ్లు, వరద. అక్టోబరు, నవంబరు నెలల్లో అల్పపీడనాల భయం. 1996లో కోనసీమ కొబ్బరితోటల్ని నేలమట్టం చేసిన తుపాను వచ్చింది నవంబరు 6నే. మార్చి వచ్చిందంటే ఎండ మాడ్చేస్తుంది. ఏరు తేరుకుని, ఇసుక తిన్నెలు బయటపడి, పొద్దున్నే గాలి పెద్దగా లేకుండా ఉండేది డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకే. విచిత్రం ఏమిటంటే, స్నేహితులంతా ఉత్సాహంగా బోర్డులు కొనుక్కుని మొదలుపెట్టిన జట్లు చెదిరిపోయేది కూడా ఈ మూడు నెలల్లోనే. కారణం అడిగితే ఎవరైనా చెప్పే మాట ఒకటే: చలి.

ఆట తెలియనివాళ్ల కోసం ఒక్క మాట. పదడుగుల పైచిలుకు పొడవు, రెండున్నర అడుగులు దాటిన వెడల్పు ఉన్న బోర్డు మీద నిలబడి, నిలువెత్తుకు మించిన తెడ్డుతో నడుపుకుంటూ పోవడమే పాడిల్‌బోర్డింగ్. తాటిదోనె మీద నిలబడి గడ వేయడం చూసిన డెల్టావాళ్లకు ఇందులో కొత్తేమీ కనబడదు. గాలి నింపే రకం మడిస్తే కారు డిక్కీలో పట్టేస్తుంది కాబట్టి ఏ రేవుకైనా తీసుకుపోవచ్చు.

చలి సంగతి కాస్త తరచి చూడాలి. డెల్టాలో డిసెంబరు, జనవరి తెల్లవారుజామున ఉష్ణోగ్రత మామూలుగా 18, 20 డిగ్రీల దగ్గర ఆగుతుంది. మధ్యాహ్నానికి 28 దాటుతుంది. నీళ్లలో పడగానే ఊపిరి ఎగదన్ని గుండె దడదడలాడే ‘కోల్డ్ షాక్’ 15 డిగ్రీల లోపు నీళ్లలో తీవ్రంగా ఉంటుంది. గోదావరి అంత చల్లబడదు. తెల్లవారే వేళ పైన గాలి కంటే నీళ్లే వెచ్చగా ఉంటాయి, ఏటి మీద ఆవిరి లేచేది అందుకే. కెనడాలోనో ఇంగ్లండులోనో చలికాలం బోర్డు ఎక్కేవాళ్లు నీరు ఒంటికి అంటని డ్రైసూట్ వేసుకుంటారు, ఎందుకంటే అక్కడ చలి ప్రాణం మీదికి తెస్తుంది. ఇక్కడ మిగిలేది తడిబట్టల బాధ. కాటన్ టీషర్టు తడిస్తే ఒంటికి అతుక్కుని, గాలి తగిలినప్పుడల్లా వణికిస్తుంది. త్వరగా ఆరే పాలిస్టర్ చొక్కా వేసుకుంటే సగం చలి అక్కడే పోతుంది.

చలిని దాటడం పెద్ద కష్టం కాదనడానికి సాక్ష్యం డెల్టాలో ఊరూరా ఉంది. కార్తీకమాసం మొదలు నల్లబట్టలు కట్టి అయ్యప్ప మాల వేసుకున్నవాళ్లు 41 రోజుల పాటు తెల్లవారకముందే చన్నీళ్ల స్నానం చేస్తారు. కాలువగట్టున ఉన్నవాళ్లు కాలువలోనే మునుగుతారు. మాల వేసుకోకముందు ఏడింటికి కూడా లేవని కుర్రాడు, మెడలో మాల పడ్డాక నాలుగున్నరకే లేచి తలమీద నీళ్లు పోసుకుంటాడు. భక్తి ఉంది, దాన్ని తెచ్చి ఆట పక్కన పెట్టలేం. కానీ ఆ భక్తి చుట్టూ ఉన్న ఏర్పాటు చూడాలి. మొదలుపెట్టే రోజు, ముగిసే రోజు ముందే తెలుసు. వేసుకున్న బట్టలే ఊరందరికీ చెప్పేస్తాయి. పీఠం దగ్గర గురుస్వామి, తోటి స్వాములు ఎదురుచూస్తుంటారు. ‘ఇవాళ స్నానం చేద్దామా, మానేద్దామా’ అనే ప్రశ్న ఆ 41 రోజుల్లో ఒక్క ఉదయం కూడా పుట్టదు. పాడిల్‌బోర్డు జట్లలో ఆ ప్రశ్న ప్రతిసారీ పుడుతుంది. చెదరడం అక్కణ్నుంచే మొదలవుతుంది.

అదెలా జరుగుతుందో అందరికీ తెలిసిందే. రాత్రి పదింటికి వాట్సాప్ గ్రూపులో ‘రేపు ఎవరెవరు వస్తున్నారు?’ అని ఒకరు అడుగుతారు. నాలుగు బొటనవేళ్లు పడతాయి. పొద్దున ఐదున్నరకు ఒక బొటనవేలు ‘కొంచెం జలుబుగా ఉంది’ అని మారుతుంది. అది చూసి రెండోది మారుతుంది. ఆరింటికల్లా ‘సరే, వచ్చే ఆదివారం చూద్దాం’ అని మిగతావాళ్లూ ముసుగు తన్నేస్తారు. తప్పు ఎవరిదీ కాదు, అడిగిన తీరుది. వస్తున్నారా అని అడిగితే రాకపోవడం మామూలు విషయం, రావడం ప్రత్యేకం అయిపోతుంది. దీన్ని తిరగేసిన జట్లు నిలుస్తాయి: ఆదివారం అంటే వస్తున్నట్టే లెక్క, రానివాళ్లే ముందురోజు రాత్రి తొమ్మిది లోపు చెప్పాలి. తొమ్మిది దాటాక ఒళ్లు బాగా లేకపోతే తప్ప మాట మారదు. మర్నాడు పొద్దున దుప్పటిలో ఉన్న మనిషి కంటే రాత్రి అన్నం తిని కూర్చున్న మనిషి మంచి నిర్ణయం తీసుకుంటాడు.

దుప్పటిలోని మనిషి లెక్క ఎందుకు తప్పుతుందో ఒక పరిశోధన చూపించింది. కెనడాలోని కార్లెటన్ విశ్వవిద్యాలయంలో కొంతమంది విద్యార్థుల్ని ఆరుబయట పచ్చదనం మధ్య నడిపించారు, కొంతమందిని భవనాల కింద ఉన్న సొరంగ మార్గాల్లో నడిపించారు. బయట నడిస్తే ఎంత సంతోషంగా ఉంటుందో ముందుగా ఊహించమంటే, తీరా నడిచాక కలిగిన సంతోషం కంటే తక్కువే ఊహించారు. 2011లో వచ్చిన ఈ ఫలితం గోదావరి గట్టుమీద కూడా పనికొస్తుంది. పొద్దున్నే లేచి ‘ఇవాళ పెద్దగా బాగుండదులే’ అనిపిస్తే, ఆ అంచనాను నమ్మాల్సిన పని లేదు.

ఇక జట్టులో ఎంతమంది ఉండాలి? ఎక్కువమంది ఉంటే ఊపు వస్తుందని అందరూ అనుకుంటారు. పదిమందిలో పాము చావదని మన పెద్దలు ఏనాడో తేల్చారు. ఫ్రాన్సులో మాక్స్ రింగెల్‌మాన్ అనే వ్యవసాయ ఇంజినీరు తాడు లాగించి లెక్కగట్టి, 1913లో అదే సంగతి ప్రచురించాడు. ఎనిమిదిమంది కలిసి లాగితే ఒక్కొక్కరు విడిగా లాగగలిగిన బలంలో దాదాపు సగమే బయటికొచ్చింది. కొంత లాగడంలో పొంతన కుదరక, కొంత ఎవరో ఒకరు లాగుతార్లే అన్న ధీమాతో. పన్నెండుమంది ఉన్న గ్రూపులో ఒకరు రాకపోతే ఎవరికీ తెలియదు, రాని మనిషికి ఆ సంగతి బాగా తెలుసు.

దీనికి సరిగ్గా ఎదురు ఫలితం 1920ల్లో జర్మనీలో ఒట్టో కోలర్ అనే మనస్తత్వ పరిశోధకుడికి కనిపించింది. ఆయన ప్రయోగం చేసింది బెర్లిన్‌లో పడవలు నడిపే క్లబ్బు సభ్యుల మీద కావడం మన విషయానికి ఇంకా దగ్గర. బరువైన కడ్డీని ఒంటరిగా ఎత్తమన్నప్పుడు ఎంతసేపు ఎత్తారో చూశాడు. తర్వాత ఇద్దరు కలిసి పెద్ద కడ్డీని ఎత్తాలి, ఒకరు వదిలేస్తే రెండో మనిషి ఒక్కడే మోయలేడు. అప్పుడు ఇద్దరిలో బలం తక్కువవాడు తాను ఒంటరిగా ఉన్నప్పటికంటే ఎక్కువసేపు నిలబడ్డాడు. ఇద్దరి సత్తాలో తేడా మరీ ఎక్కువున్నా, అసలు లేకపోయినా ఈ ఫలితం తగ్గింది. ఓ మోస్తరు తేడా ఉన్నప్పుడే బాగా కనబడింది. అంటే కావలసింది సంఖ్య కాదు, తాను లేకపోతే పని ఆగుతుందన్న ఎరుక. ముగ్గురు, నలుగురు ఉన్న జట్టు చలికాలం గట్టెక్కడానికి ఇదే కారణమనుకోవచ్చు. అందులో ఒకరు కాస్త ముందుండాలి, ఒకరు కాస్త వెనకబడాలి. పోటీలకు తయారయ్యేవాడినీ, నిన్ననే బోర్డు ఎక్కినవాడినీ జతచేస్తే ఇద్దరికీ విసుగే.

పాడిల్‌బోర్డులో ఈ ఒకరి మీద ఒకరు ఆధారపడటం గాలి కొట్టే దగ్గరే మొదలవుతుంది. బోర్డుకు 12 నుంచి 15 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) దాకా గాలి కావాలి. చేతిపంపుతో కొడుతుంటే మొదట చాలాసేపు మీటరు ముల్లు సున్నా దగ్గరే పడుకుని ఉంటుంది. బోర్డు మాత్రం మెల్లగా మడతలు విప్పుకుని ఉబ్బుతుంటుంది. ముల్లు ఏడెనిమిది దాటాక ఒక్కో దెబ్బకు ఒళ్లంతా పంపు మీద వేయాలి. ఒక్కరే అయితే రెండో బోర్డు దగ్గరకొచ్చేసరికి ఓపిక అయిపోతుంది. ఇద్దరు వంతులు వేసుకుంటే, బోర్డు మీద వేలితో కొడితే టంగుమనే వేళకు ఇద్దరికీ చెమట పట్టి స్వెట్టర్లు విప్పేస్తారు. కారు సాకెట్‌కు తగిలించే ఎలక్ట్రిక్ పంపు సుఖమే. కానీ చలికాలం పొద్దున అది ఒళ్లు వేడెక్కే దారినీ, ఒకరి కోసం ఇంకొకరు రావాల్సిన అవసరాన్నీ ఒకేసారి తీసేస్తుంది. సామాను పంచుకోవడమూ ఇంతే. పంపు ఒకరింట్లో, తెడ్లు ఒకరింట్లో, లైఫ్‌జాకెట్లు ఇంకొకరింట్లో ఉంటే ఎవరు ఎగ్గొట్టినా మిగతావాళ్లు గట్టుమీద నిలబడిపోతారు. ఆ తర్వాత గోదావరి జిల్లాల వెటకారం తన పని తాను చేసుకుపోతుంది.

వెటకారం చాలు, ఫైన్ వద్దు. రాకపోతే వంద రూపాయలు కట్టాలనే నియమం చాలా గ్రూపుల్లో పెడుతుంటారు. ఇజ్రాయెల్‌లోని హైఫాలో పిల్లల సంరక్షణ కేంద్రాల మీద చేసిన అధ్యయనం 2000లో వచ్చింది. సాయంత్రం పిల్లల్ని ఆలస్యంగా తీసుకెళ్లే తల్లిదండ్రులకు జరిమానా పెడితే ఆలస్యాలు పెరిగాయి. జరిమానా ఎత్తేశాక కూడా తగ్గలేదు. అంతకుముందు మొహమాటం ఉండేది, డబ్బు పెట్టాక అది కొనుక్కునే సరుకైపోయింది. వంద రూపాయలకు ఆదివారం నిద్ర దొరికితే ఎవరికి చేదు?

చలికాలం తెల్లవారుజాము గురించి చాలామంది గమనించని సంగతి ఒకటుంది. డిసెంబరు 21, 22తో పగలు పెరగడం మొదలవుతుంది కాబట్టి సూర్యోదయం కూడా త్వరగా అవుతుందనుకుంటాం. అలా జరగదు. డెల్టాలో డిసెంబరు చివర పొద్దు పొడిచేది సుమారు ఆరున్నరకు. జనవరి మూడో వారం దాకా అది రోజురోజుకీ ఇంకాస్త వెనక్కే పోతుంది, పెరిగే వెలుగంతా సాయంత్రానికి చేరుతుంది. సంక్రాంతి వెళ్లాక నిద్ర లేవడం మరీ కష్టమైందని తమను తాము తిట్టుకునేవాళ్లకు ఇది కాస్త ఊరట. దానికి తోడు మంచు. డిసెంబరు, జనవరిలో కొన్ని పొద్దుల్లో ఏటిగట్టు మీద నిలబడితే ఎదుటి లంక కనబడదు, పడవ ఇంజను చప్పుడు మాత్రం ఎటునుంచో వినిపిస్తుంటుంది. అలాంటప్పుడు నీళ్లలోకి దిగకూడదు, ఎందుకంటే పడవ నడిపేవాడికి బోర్డు మీది మనిషి కూడా కనబడడు. అవతలి ఒడ్డు చెట్లు విడివిడిగా కనబడేదాకా ఆగాలన్నది మంచి గురుతు. కాబట్టి చలికాలంలో ఆరింటికి రేవు దగ్గర కలవాలనే పంతం అనవసరం. ఏడుకు చేరి, మంచు విడిచాక ఏడున్నరకు ఎక్కి, తొమ్మిదిన్నరకు దిగిపోవచ్చు. తీరానికి దగ్గరైన కొద్దీ పొద్దెక్కాక సముద్రపు గాలి అందుకుంటుంది, బోర్డు మీద నిలబడ్డ ఒళ్లే తెరచాప అయిపోతుంది.

ఇంతకంటే ముఖ్యమైనది ఆటుపోట్ల సంగతి. చలికాలంలో పైనుంచి వచ్చే నీళ్లు తగ్గి, ధవళేశ్వరం దగ్గర బ్యారేజీ నిలిపిన నీళ్లు దాళ్వా, అంటే రెండో పంట వరి కోసం కాలువలకు మళ్లుతాయి. దిగువన వశిష్ఠ, వైనతేయ, గౌతమి పాయల్లో సముద్రపు పోటుదే రాజ్యం. దిండి దగ్గర, నరసాపురం దగ్గర, యానాం దగ్గర ఏరు పోటుకు పైకీ, పాటుకు కిందికీ నడుస్తుంది. పోటు రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. వారం తిరిగేసరికి ఆ తేడా దాదాపు ఆరు గంటలవుతుంది. అంటే ఈ ఆదివారం ఏడున్నరకు పోటు నడుస్తుంటే, వచ్చే ఆదివారం అదే వేళకు పాటు నడుస్తుంది.

జట్ల ఉత్సాహం మీద దీని దెబ్బ చిన్నది కాదు. మొదటి వారం ఎగువకు హాయిగా వెళ్లినవాళ్లు, రెండో వారం అదే తెడ్డు, అదే రేవు, అదే దూరం మీద చేతులు పడిపోయేలా వేసినా కదల్లేరు. ‘నాకు ఫిట్‌నెస్ పోయింది, ఇది మనవల్ల కాదు’ అనుకుని మూడో వారం మానేస్తారు. మారింది ఏరు నడక. నిజానికి రెండు వారాల తర్వాత అదే రేవు మళ్లీ మొదటిలాగే ఉంటుంది. మత్స్యకారులు దీన్నంతా తిథితో లెక్కపెట్టుకుంటారు. పౌర్ణమికీ అమావాస్యకూ పోటుపాట్లు బలంగా, అష్టమి చుట్టుపక్కల నెమ్మదిగా ఉంటాయి. గోడమీది కేలండరు చూస్తే చాలు, కొత్తవాళ్లను తీసుకెళ్లే ఆదివారం ఏదో, దూరం పోగలిగే ఆదివారం ఏదో తెలిసిపోతుంది. బయల్దేరేటప్పుడు ఎదురుకు వెళ్లి, అలిసిపోయాక వాలుకు తిరిగి రావడం పడవలవాళ్ల పాత పద్ధతే. అయితే ఎక్కిన తర్వాత ఏరు తిరగబడే వేళ ఎప్పుడో ముందే తెలుసుకోవాలి, లేకపోతే రెండువైపులా ఎదురే అవుతుంది. ఆటుపోట్ల లెక్క వద్దనుకుంటే బ్యారేజీకి ఎగువన నిండుగా నిలిచిన నీళ్లున్నాయి. గేట్లకు మాత్రం చాలా దూరంగా ఉండాలి.

తిరిగి గట్టెక్కాక జరిగేదాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ కానమన్, ఆయన తోటివాళ్లు 1993లో చన్నీళ్లతోనే ఒక ప్రయోగం చేశారు. ఒకసారి 14 డిగ్రీల నీళ్లలో నిమిషం పాటు చెయ్యి పెట్టించారు. ఇంకోసారి అదే నిమిషానికి మరో అర నిమిషం కలిపారు, ఆ అర నిమిషంలో నీళ్లను ఒక డిగ్రీ వేడెక్కించారు. మళ్లీ ఏది చేస్తారని అడిగితే మూడింట రెండు వంతుల మంది ఎక్కువసేపు సాగినదాన్నే ఎంచుకున్నారు. ముగింపు కాస్త నయంగా ఉంటే జ్ఞాపకం మొత్తం నయంగా మిగులుతుంది. బోర్డు దిగాక తడిబట్టలతో వణుకుతూ బైకు మీద పది కిలోమీటర్లు వెళ్లిన మనిషికి వచ్చే వారం అలారం మోగినప్పుడు గుర్తొచ్చేది ఆ ప్రయాణమే. పొడి తువ్వాలు, పొడి చొక్కా, ఫ్లాస్కులో అల్లం టీ, దార్లో అంబాజీపేట వైపైతే పనసాకు బుట్టల్లో ఉడికిన వేడివేడి పొట్టిక్కలు. ఇవి ఆటకు అనుబంధం కాదు, ఆటలో భాగమే. డిసెంబరులో తేగలు కూడా దొరుకుతాయి, కాల్చుకుని కబుర్లు చెప్పుకుంటే ఇంకో గంట పోతుంది.

అందుకే మంచువల్లో గాలివల్లో నీళ్లలోకి దిగలేని రోజున కూడా రేవుకు రావడం మానకూడదు. రావడం వేరు, ఎక్కడం వేరు. ఎక్కడం వాతావరణం చేతిలో ఉంది. టీ తాగి వెళ్లిపోయినా ఆదివారం ఆదివారంగానే ఉంటుంది. అలవాటు కుదరడానికి పట్టే కాలం మీద లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం చేసిన అధ్యయనంలో 66 రోజులు మధ్యస్థంగా తేలింది, మనిషిని బట్టి 18 నుంచి 254 దాకా ఉంది. ఒకరోజు తప్పినంతమాత్రాన పెద్ద నష్టం లేదని కూడా అందులోనే తేలింది. ఆ అధ్యయనం రోజూ చేసే పనుల మీద. వారానికోసారి చేసే పని ఎంత నెమ్మదిగా అలవాటవుతుందో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

సంక్రాంతి ఒక వింత గండం. పండగకు హైదరాబాదు నుంచి, బెంగళూరు నుంచి వచ్చినవాళ్లతో జట్టు ఒక్కసారిగా రెండింతలవుతుంది. ఆత్రేయపురం దగ్గర కాలువలో డ్రాగన్ పడవల పోటీలు చూసొచ్చిన ఊపు ఒకటి. బోర్డులు చాలక వంతులు వేసుకుంటారు, ఫొటోలు పడతాయి. కనుమ వెళ్లాక బస్సులూ రైళ్లూ నిండిపోతాయి, మిగిలిన ముగ్గురికి రేవు బోసిగా కనబడుతుంది. ఆ వారం మానేస్తే ఇక ఆ ఏడాదికి అంతే. దీనికి పెద్ద ఉపాయం అక్కర్లేదు, పండగ తర్వాత వచ్చే ఆదివారానికి కొత్త రేవో, కొత్త పాయో ముందే అనుకుని ఉంచితే చాలు. సందడితో పోల్చుకోవడానికి అక్కడ పాత జ్ఞాపకం ఉండదు.

ప్రమాదాల గురించి ఎందుకు మాట్లాడాలంటే, ఒక్క భయం పది చలిపొద్దుల కంటే ఎక్కువమందిని మాన్పిస్తుంది. ఇసుక తవ్విన చోట మోకాలి లోతు నీళ్లు ఒక్క అడుగులో నిలువు లోతవుతాయి, దిగి బోర్డును తోసుకుపోయే అలవాటు అక్కడే ప్రాణం తీస్తుంది. లైఫ్‌జాకెట్ ఈత వచ్చినవాళ్లకూ తప్పదు. పారే నీళ్లలో లీష్‌ను, అంటే మనిషినీ బోర్డునూ కలిపే తాడును, చీలమండకు కట్టుకుంటే వలకో మొద్దుకో చిక్కుకున్నప్పుడు విప్పుకోవడం కష్టం, నడుముకు కట్టి ఒక్క లాగుతో ఊడే రకం మంచిది. నీళ్లమీద వరసగా తేలే థర్మాకోల్ ముక్కలు, ప్లాస్టిక్ సీసాలు కనిపిస్తే కింద వల ఉన్నట్టే, అది ఒకరి ఆ రోజు కూలి కూడా. కాలువల్లో లాకుల దగ్గర, గుర్రపుడెక్క కమ్మిన చోట బోర్డు వేయకూడదు. అంతర్వేది వైపు నదీముఖం దగ్గర, పాటు నడుస్తూ నేలమీది గాలి సముద్రం వైపు తోస్తుంటే వెనక్కి రావడం ఎవరి తరమూ కాదు. కోరింగ అభయారణ్యంలోని మడ పాయలు ఎంత ఊరించినా అటవీశాఖ అనుమతి లేకుండా వెళ్లకూడదు. పైగా పాటు తీశాక అక్కడ బురదే మిగులుతుంది. కాకినాడ పోర్టులో ప్రమాద సూచిక ఎగరేశారంటే ఆ వారం టీతోనే సరి.

చివరగా, ఎప్పుడు ఆపాలో కూడా మొదట్లోనే అనుకోవాలి. మాలకు 41 రోజులున్నట్టు దీనికీ ఒక గడువు ఉంటే మనసు ఒప్పుకుంటుంది, ‘ఎప్పటికీ ప్రతి ఆదివారం’ అంటే ఎవరికైనా గుండె జారుతుంది. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు కాబట్టి డెల్టాలో ఆ ఆదివారమే సరైన ముగింపు. ఆ తర్వాత ఎండ ముదురుతుంది, పరీక్షలొస్తాయి, దాళ్వా కోతలు అందుకుంటాయి. ఉప్పునీళ్లలో తిరిగిన బోర్డును మంచినీళ్లతో కడిగి, నీడన పూర్తిగా ఆరబెట్టి, గాలి తీసి వదులుగా చుట్టాలి. తడి ఉండగా చుట్టేస్తే వానాకాలానికి బూజు పడుతుంది. బోర్డులు ఎవరివి వాళ్లు తీసుకెళ్తారు. పంపు మాత్రం ఆ చలికాలంలో అందరికంటే ఎక్కువసార్లు ఎగ్గొట్టినవాళ్లింట్లో పెట్టాలి.